విమానం ఎక్కేలోపు ఆ బండి సంగతి తేల్చు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. ఖతార్ వీసా వచ్చిందని అక్కయ్య ఫోన్లో చెప్పింది, చాలా సంతోషం. దాని వెనకే ఇంకో మాట కూడా చెప్పింది. వెళ్ళేలోపు సరుకు తోలే పాత బండికి ఇంజన్ దించి బోరు చేయించి (అరిగిన సిలిండర్లు సాపు చేయించి), తమ్ముడి చేతికిచ్చి పోదామనుకుంటున్నావట. అది విన్నాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఫోన్లో చెబితే "సరే మామయ్యా" అంటావు, పెట్టేశాక నీ పని నువ్వు చేసుకుంటావు.

ఇంజన్ దించకు. ఆ బండిని వదిలించుకో, తమ్ముడికి ఇంకో బండి చూద్దాం. పొద్దున్నే స్టార్ట్ కాకపోతే ఏ వైరు కదపాలో, లోడు మీద ఉన్నప్పుడు ఏ గేరులో పట్టుకుంటే లాగుతుందో నీ చేతికి తెలుసు. ఇన్నాళ్ళూ అది నడిచిందంటే నీ వల్లే నడిచింది. నువ్వు దోహాలో దిగిన రోజు నుంచి అది ఉత్త ఇనుము.

ఫిబ్రవరిలో ఏం జరిగిందో ఒకసారి గుర్తు చేసుకో. తిరువూరు వైపు నుంచి అరవై టిక్కీల (బస్తాల) తేజ మిర్చి వేసుకుని గుంటూరు మిర్చి యార్డుకి పోతూ రాత్రి పదకొండింటికి కనకదుర్గ వారధి మీద ఆగిపోయారు. రేడియేటర్ ఆవిరి చిమ్ముతుంటే రైతు టిక్కీల మీద తువ్వాలు తల కింద పెట్టుకుని పడుకున్నాడు. ఇంకో బండి పిలిచి సరుకు మార్చేసరికి తెల్లారింది, ఆ రోజు బేరం పోయింది. మీరు నాతో చెప్పింది ఎనిమిది వేల రిపేరు బిల్లు గురించే. ఆ రైతు మళ్ళీ మనకి ఫోన్ చేశాడా? ఆ లెక్క ఏ పుస్తకంలోనూ రాయలేదు మీరు.

ఇక నా సంగతి. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు. నేను మస్కట్ వెళ్ళేముందు నా లారీ అమ్మాను. టైం లేదు. తెలిసినవాడే కదా అని డబ్బు తీసుకుని, ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చి వెళ్ళిపోయాను. అతను పేరు మార్పించుకోలేదు, ఇన్సూరెన్సూ కట్టలేదు. రెండేళ్ళ తర్వాత ఆ లారీ ఒక సైకిలు మనిషిని గుద్దింది. నోటీసు ఎవరి పేరున వచ్చింది? నా పేరున. మీ అత్తయ్య మెడలో గొలుసు ఎప్పుడు పోయిందని అప్పట్లో అడిగేవాడివే, అప్పుడే. 2018లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అమ్మేసినా సరే, రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే నష్టపరిహారం బాధ్యత వాళ్ళదేనంది.

అందుకని పాత బండి ఎవరికి ఇచ్చినా పేరు మార్పుకి కావలసిన ఫామ్ 29, ఫామ్ 30 నింపి, పేరు మారి, కొత్త ఆర్సీ నీ కళ్ళతో చూశాకే టికెట్టు తీసుకో. అమ్మిన 14 రోజుల్లోగా రవాణా శాఖకి తెలియజేయాల్సిన బాధ్యత అమ్మినవాడిదే. ఫైనాన్స్ ఎప్పుడో తీరిపోయిందని నోటితో అంటే చాలదు. ఆర్సీ మీద హైపోథికేషన్, అంటే బండి అప్పు కింద తాకట్టులో ఉందన్న మాట, అలాగే ఉంది, నేను చూశాను. ఫైనాన్స్ వాళ్ళ నుంచి అభ్యంతరం లేదనే ఎన్‌ఓసీ, సంతకం చేసిన ఫామ్ 35 తెచ్చుకుని ముందు అది తీయించు. చలాన్లు ఉంటే కట్టెయ్. ఫాస్టాగ్ మూయించడం మర్చిపోకు, లేకపోతే కొన్నవాడు కాజ టోల్‌గేట్ దాటినప్పుడల్లా నీ డబ్బు పోతుంది. ఒకవేళ ఆటోనగర్లో తుక్కు కింద ఇస్తే, బండి కోయించి ఊరుకోకుండా ఆర్సీ రద్దు చేయించాలి.

ఇక కొనబోయే బండి ఎవరి పేరున? తమ్ముడి పేరున. ఇక్కడ నీకు కోపం వస్తుందని తెలుసు, డబ్బు నీదే కాబట్టి. కానీ ప్రతిసారీ ఇన్సూరెన్సుకీ, ఫిట్‌నెస్‌కీ, పర్మిట్‌కీ ఓటీపీ నీ ఫోనుకే వస్తుంది. నువ్వేమో అక్కడ డ్యూటీలో ఉంటావు, ఇక్కడి సిమ్ము రీచార్జ్ లేక చచ్చి ఉంటుంది. పవర్ ఆఫ్ అటార్నీ రాసి పోవచ్చనుకో. అక్కడికెళ్ళాక అది గుర్తొస్తే మాత్రం ఎంబసీ చుట్టూ తిరగాలి. తమ్ముడు కిస్తీలు ఎగ్గొడతాడేమోనని నీ భయమైతే, అసలు బండే కొనకు. నమ్మకం లేనివాడికి స్టీరింగ్ ఎలా ఇస్తావు?

కొత్త షోరూం బండా, సెకండ్ హ్యాండా అని అక్కయ్య అడిగింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సరుకు రవాణా బండ్ల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18కి తగ్గిన మాట నిజమే. అయినా ఆ కిస్తీ తమ్ముడు మోయలేడు. పైగా 2020 ఏప్రిల్ నుంచి అమ్మేవన్నీ బీఎస్ 6 బండ్లు, అంటే పొగ కాలుష్యం తగ్గించే కొత్త ప్రమాణం బండ్లు. వాటిలో చాలా లారీలకి డీజిల్‌తో పాటు, పొగను శుభ్రం చేసే డీఈఎఫ్ ద్రావణం వేరే ట్యాంకులో పోయాలి. అది అయిపోయినా, దాని బదులు ఇంకేదైనా పోసినా బండి తనంతట తానే ఇంజన్ పవర్ తగ్గించేస్తుంది. తప్పు పట్టుకోవాలంటే స్కానర్ కావాలి. మనవాడికి డీజిల్ ముల్లు చూడటమే అలవాటు లేదు. నా మాట వింటే 2018, 19 నాటి పాత ప్రమాణం బీఎస్ 4 బండి చూడు. ఎనిమిదేళ్ళు దాటాక ఫిట్‌నెస్ ఏటా చేయించాలి, ఆ ఇబ్బంది ఉంది, దాచను. కానీ ఆటోనగర్లో ఏ షెడ్డులోనైనా విప్పి బిగిస్తారు.

సెకండ్ హ్యాండ్ చూడటంలో మాత్రం తొందర వద్దు. మన బెజవాడలో 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం వైపు ఎన్ని బండ్లు మునిగాయో నీకు తెలియనిది కాదు. మునిగిన బండిని కడిగి, పెయింటేసి, సీట్ కవర్లు మార్చి అమ్మకానికి పెట్టడం నేను చూశాను. కొత్త సీట్ కవరు కనిపిస్తే నాకు అందుకే అనుమానం. సీటు కింద బోల్టులు తుప్పు పట్టాయా చూడు. డ్యాష్‌బోర్డు వెనక చెయ్యి పెట్టు. ఎండిన ఒండ్రు వేళ్ళకి అంటితే ఆ బండి మనకొద్దు, ధర ఎంత దిగొచ్చినా సరే.

చాసిస్ నంబరు మీద తెల్ల కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దు. అంకెలన్నీ ఒకే లోతులో, ఒకే వరసలో అచ్చు పడాలి. ఒక అంకె కాస్త పైకి లేచినా, చుట్టూ రాపిడి గీతలు పడినా లేచి వచ్చెయ్. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే గుప్పుగుప్పుమని పొగ వస్తుందా చూడు. మూత లోపల కాఫీ రంగు జిగురుంటే ఆయిల్లో నీళ్ళు కలుస్తున్నట్టు. టైర్ల మీద నాలుగంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. అరుగుదల బాగుందని మురిసిపోకు, వయసు చూడు.

అన్నిటికన్నా ముఖ్యం, నీ ప్రయాణానికి కనీసం నలభై రోజుల ముందు బండి ఇంటికి రావాలి. సెకండ్ హ్యాండ్ బండి రోగాలన్నీ మొదటి నెలలోనే బయటపడతాయి. ఆ నెలంతా తమ్ముడు నడపాలి, నువ్వు క్లీనర్ సీట్లో కూర్చోవాలి. గేరు అరిచినా నోరు మెదపకు. టైరు పంచరైతే నువ్వు కిందికి దిగకు. ఇది నీకు కష్టమని తెలుసు. యార్డు వేసవి సెలవుల్లో లోళ్ళు తక్కువ, బండ్లు ఖాళీగా ఉంటాయి, అమ్మేవాళ్ళు కాస్త దిగొస్తారు. ఆ రోజుల్లోనే బేరం చేద్దాం.

పటమటలో ఒక బండి ఉందని మన షెడ్డు కుర్రాడు చెప్పాడు. గురువారం ఆరింటికల్లా బెంజ్ సర్కిల్ దగ్గరికి వచ్చెయ్, తమ్ముణ్ణి కూడా తీసుకురా. పెన్సిలూ కాగితమూ మర్చిపోకండి. మనం వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దని అమ్మే అతనికి రెండుసార్లు చెప్పాను. వెళ్ళగానే ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూద్దాం, వెచ్చగా ఉంటే టీ తాగి వచ్చేద్దాం.

మీ మామయ్య