పెళ్ళి రికార్డు ఉంది, బాప్టిజం లేదు: పేదల కాగితాలు చూశారా?

1790ల నాటి పెళ్ళి ఎంట్రీలో మీ పూర్వీకుడు "ఈ పారిష్ వాడు" (పారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఊరు) అని ఉంది, కానీ ఆ చర్చి రిజిస్టర్లో బాప్టిజం ఎంత వెతికినా లేదు అన్నారు కదా. మా వారిది ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్ కౌంటీ అండి, వాళ్ళ వంశంలో ఒక పాలేరు విషయంలో మాకూ అచ్చం ఇలాగే అయింది. ఆ మాటకి అర్థం పెళ్ళినాటికి అక్కడ ఉంటున్నాడని మాత్రమే, అక్కడే పుట్టాడని కాదు. పెళ్ళికాని పాలేర్లు పని కోసం ఊళ్ళు మారుతూనే ఉండేవాళ్ళు.

ఆయన 1851 దాకా బతికుంటే పని తేలిక, ఆ సెన్సస్‌లో పుట్టిన పారిష్ రాసుంటుంది. 1841 దాంట్లో అదే కౌంటీలో పుట్టాడా లేదా అన్నదే తెలుస్తుంది.

అంతకుముందే పోయుంటే మాత్రం పేదల కాగితాలు పట్టుకోండి. అప్పట్లో పేదల పోషణ పారిష్ బాధ్యత, డబ్బు ఊళ్ళోవాళ్ళ పన్నులోంచే, అందుకే ఎవరు మా ఊరివాళ్ళు ఎవరు కాదు అని గట్టిగా ఆరా తీసేవాళ్ళు, 1795 దాకా అయితే సాయం అడగకపోయినా అడుగుతాడేమో అన్న అనుమానంతోనే వెళ్ళగొట్టొచ్చు. అలా మెజిస్ట్రేట్ల ముందు ప్రమాణం చేయించి రాయించిందే సెటిల్‌మెంట్ ఎగ్జామినేషన్. డెర్బీషైర్ పాత కాగితాలు దాచే మాట్లాక్‌లోని రికార్డ్ ఆఫీసులో మా వాళ్ళది చూశాం, ఒకే ఒక్క కాగితం, ఎక్కడ పుట్టాడు, ఏ రైతు దగ్గర ఏడాది చేశాడు, జీతమెంత, పెళ్ళాం పేరు, పిల్లల వయసులు అన్నీ ఉన్నాయి, కింద సంతకం బదులు వంకరగా ఒక ఇంటూ గుర్తు. పుట్టింది పక్క కౌంటీలో! పెళ్ళికానివాడు ఒకేచోట ఏడాది నిండా పనిచేస్తే ఆ ఊళ్ళో సాయం పొందే హక్కు, అంటే సెటిల్‌మెంట్, వచ్చేది, అది రాకూడదని కొందరు రైతులు 51 వారాలకే పెట్టుకునేవాళ్ళట, చదువుతుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది నాకు.

ముందు మీ కౌంటీ రికార్డ్ ఆఫీస్ ఆన్‌లైన్ కేటలాగ్‌లో పారిష్ పేరుతో "సెటిల్‌మెంట్", "రిమూవల్ ఆర్డర్" (వెళ్ళగొట్టమని ఇచ్చిన ఉత్తర్వు) అని వెతకండి. చాలా పారిష్‌లవి మిగల్లేదు, లేకపోతే ఓవర్సీర్ల (పారిష్‌లో పేదల సాయం చూసేవాళ్ళ) లెక్కల పుస్తకాలు చూడండి, ఎవరికి ఎన్ని షిల్లింగులిచ్చారో పేరుతో సహా ఉంటుంది. చుట్టుపక్కల పారిష్‌లవి కూడా వదలొద్దు, వెళ్ళగొట్టిన ఊళ్ళో కాగితం పోయినా, ఏ ఊరికి పంపారో ఆ ఊళ్ళో ఇంకో కాపీ ఉండొచ్చు.