సాఫ్ట్‌వేరా, అతివాహక జంక్షన్లా?

ప్రశ్న: మేము బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. బీఎస్సీ ఫిజిక్స్ మూడో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి, అతివాహక జంక్షన్లలో క్వాంటమ్ దశా పరివర్తనాల మీద పరిశోధన చేస్తానంటోంది. ఈ చదువుతో బతుకుతెరువు దొరుకుతుందా?

జవాబు: అయ్యా, కరెంటు బిల్లు వెనక అమ్మాయి గీసిన బొమ్మను మీరు ఉత్తరంతో జతచేయడం మంచిదైంది. అందులో గడిలోని ఇంటూ గుర్తు జోసెఫ్సన్ జంక్షన్, అంటే బాగా చల్లబరిస్తే నిరోధం లేకుండా కరెంటును పారించే (అతివాహక) రెండు అల్యూమినియం పొరల నడుమ ఒకటి రెండు నానోమీటర్ల మందాన ఉండే ఆక్సైడ్ పొర. పక్కన గీసినది శక్తిని హరించే రెసిస్టర్. ఆ నిరోధం సుమారు 6.45 కిలో ఓమ్‌లకు లోపల ఉంటే జంక్షన్ అతివాహకంగానే నిలుస్తుందనీ, దాటితే పరమశూన్య ఉష్ణోగ్రత దగ్గర విద్యుద్బంధకంగా, అంటే కరెంటును పారనివ్వనిదిగా, మారుతుందనీ 1983లో భౌతికశాస్త్రవేత్త ష్మిడ్ సిద్ధాంతరీత్యా చూపాడు. క్వాంటమ్ దశా పరివర్తనం అంటే ఇదే: ఇక్కడ దశను మార్చేది వేడి కాదు, పక్కనున్న నిరోధం. నన్నడిగితే అందమంతా అక్కడే ఉంది. 2020లో ఫ్రాన్స్‌లోని సాక్లే పరిశోధకులు తమ ప్రయోగంలో ఆ బంధక దశ కనబడలేదని ప్రకటించడంతో వాదం మళ్ళీ రాజుకుంది. మీ అమ్మాయిని ఆకర్షించినది పాతబడిన పాఠం కాదు, ఇంకా వేడి తగ్గని ప్రశ్న.

ఇక బతుకుతెరువు. అతివాహక క్వాంటమ్ కంప్యూటర్లకు గుండెకాయ ఈ జంక్షనే; 2025 భౌతికశాస్త్ర నోబెల్ కూడా ఇలాంటి జంక్షన్లున్న సర్క్యూట్లలో క్వాంటమ్ ప్రవర్తనను చూపిన క్లార్క్, డెవోరే, మార్టినిస్‌లకే దక్కింది. కేంద్రం 2023 ఏప్రిల్‌లో రూ.6,003.65 కోట్లతో ఆమోదించిన జాతీయ క్వాంటమ్ మిషన్‌లో కంప్యూటింగ్ కేంద్రం మన ఊళ్ళోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ)లోనే ఉంది. అయితే ఉద్యోగాన్ని తెచ్చిపెట్టేది దశా పరివర్తనం అన్న పేరు కాదు. క్లీన్‌రూమ్‌లో (దుమ్ము చొరని గదిలో) జంక్షన్ తయారుచేయడం, మైక్రోవేవ్ కొలతలు, పైథాన్‌తో పరికరాలను నడపడం వంటి చేతిపనులు. అందుకే సిద్ధాంతం కన్నా ప్రయోగం వైపు వెళ్ళమంటాను.

పీహెచ్‌డీకి ఐదారేళ్ళు పడుతుంది. జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వచ్చినవారికి మొదటి రెండేళ్ళు నెలకు రూ.37,000 భృతి వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితుల జీతాలతో పోలిక ఇంట్లో తప్పదు, దానికి మీరు ముందే సిద్ధపడాలి.

ఆమె ఇప్పుడు ఎమ్మెస్సీ స్థాయి ప్రవేశాల కోసం జరిపే జామ్ పరీక్షకు కూర్చోవాలి. ఆ ర్యాంకుతో డిగ్రీ తర్వాత నేరుగా చేరే ఐఐఎస్సీ సమీకృత పీహెచ్‌డీకి, ఐఐటీల ఎమ్మెస్సీకి కూడా ప్రయత్నించవచ్చు. ఐఐఎస్సీ ఏటా జరిపే ఓపెన్ డేకి తండ్రీకూతుళ్ళు కలిసి వెళ్ళండి. బంగారు పూత పూసిన రాగి పళ్ళేలు అంతస్తులుగా వేలాడే డైల్యూషన్ ఫ్రిజ్ తెరిచి ఉంటే కళ్ళారా చూడండి. జంక్షన్‌ను పరమశూన్యానికి కెల్విన్ (డిగ్రీ)లో నూరోవంతు దూరం దాకా చల్లబరిచేది అదే. అక్కడి విద్యార్థులను, ఒక నమూనాను కొలవడానికి ఎన్ని వారాలు పడుతుందో, చదువు ముగించిన సీనియర్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో అడగండి. మొదటి ప్రశ్నకు వచ్చే జవాబు విన్నాక కూడా అమ్మాయి ఉత్సాహం తగ్గకపోతే, ఇక మీరు అడ్డు చెప్పకండి.