మ్యాచ్‌లో వాడిన గ్లవ్స్ మీద ఆటోగ్రాఫ్ చేయించుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. సికింద్రాబాద్ జింఖానా మైదానంలో ఒక రంజీ మ్యాచ్ ముగిశాక హైదరాబాద్ బ్యాట్స్‌మన్ ఒకరు తన బ్యాటింగ్ గ్లవ్స్‌ను మీ మేనమామ గారికి ఇచ్చారు. అవి ఇన్నేళ్ళుగా మీ ఇంట్లోనే ఉన్నాయి. వచ్చే నెల ఆ బ్యాట్స్‌మన్ మీ కాలేజీ వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా వస్తున్నారు కనుక, వాటి మీద సంతకం చేయించుకుంటే విలువ పెరుగుతుందా, తగ్గుతుందా అని అడిగారు. చేయించుకోండి, అయితే అరచేతి వైపు మాత్రం పెన్ను ఆననివ్వకండి, సంతకం కంటే ముందు ఆయన చేత ఒక ఉత్తరం రాయించుకోండి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నేను చేజేతులా పాడుచేసుకున్న ఒక బ్యాటు.

ఆటలో వాడిన క్రికెట్ సామాను పోగుచేయడం నాకు ఇరవై ఏళ్ళుగా ఉన్న వ్యసనం. మొదట్లో నా చేతికి వచ్చిన వాటిలో అపురూపమైనది ఒక దేశవాళీ ఆటగాడు రెండు సీజన్ల పాటు ఆడిన బ్యాటు. కింది అంచు నుంచి జానెడు ఎత్తున, బంతి తగిలిన ఎర్రటి గుర్తులు ఒకదాని మీద ఒకటి పడి, పండిన గోరింటాకు రంగులో అరచేయంత మచ్చ కట్టి ఉండేది. ఆ మచ్చకు కాస్త పక్కగా ఒకచోట బంతి కుట్టు అచ్చు, ఆరు వరసల సన్నటి గీతలు, ముద్ర వేసినట్టు పడి ఉండేది. ఆయన్ను ఒక పెళ్ళి విందులో కలిసే అవకాశం వచ్చినప్పుడు, బ్యాటును పాత పంచెలో చుట్టుకొని వెళ్ళాను. ఆయన దాన్ని చూసి ఎంతో సంబరపడి, "మురికి పట్టింది, సంతకం సరిగా పడదు" అంటూ, పక్కనున్న గ్లాసులోని మంచినీళ్ళతో చేతిరుమాలు తడిపి బ్యాటు ముఖమంతా శ్రద్ధగా రుద్దారు. నేను నోరు తెరిచేలోగా ఆ రుమాలు గులాబీ రంగుకు తిరిగింది. ఆ తర్వాత లావుపాటి నల్ల మార్కరుతో, సరిగ్గా కుట్టు అచ్చు మీదుగా, తేదీతో సహా పెద్ద సంతకం చేశారు. ఆయనను తప్పుపట్టలేను. నేను ఎక్కడ పెట్టమంటే అక్కడే పెట్టేవారు, నేనే చెప్పలేదు. ఈనాటికీ ఆ బ్యాటును చూసినవాళ్ళంతా సంతకం ఎవరిదని అడుగుతారే తప్ప, దానితో ఎన్ని పరుగులు చేశారని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

సంతకం రుజువు చేసేది ఒక్కటే: ఆ వస్తువు ఒకనాడు ఆ ఆటగాడి చేతికి వెళ్ళిందని. దానితో ఆయన ఆడారని అది చెప్పదు. ఈ తేడా నాకు డబ్బు పోగొట్టుకున్నాక కానీ ఎక్కలేదు. ఒక పేరున్న ఆటగాడు మ్యాచ్‌లో కట్టుకున్నవంటూ ఒకాయన నాకు ప్యాడ్లు అమ్మారు. సంతకం అసలుదే, అందులో అనుమానం లేదు. ఇంటికి తెచ్చి ఆ సీజన్ ఫోటోలు ముందు పెట్టుకొని చూస్తే, ఆ ఆటగాడు ఆ ఏడాది కట్టుకున్న ప్యాడ్ల కంపెనీయే వేరు. కొత్త ప్యాడ్ల మీద సంతకం చేయించి, పాత బంతితో నాలుగు దెబ్బలు కొట్టించి నాకు అంటగట్టారు.

ఆటలో వాడిన వస్తువుకు అసలు బలం దాని మీది గుర్తులే అనడానికి అర్జెంటీనా ఫుట్‌బాల్ ఆటగాడు మారడోనా చొక్కాను మించిన ఉదాహరణ లేదు. 1986 జూన్ 22న మెక్సికో సిటీలోని అజ్టెకా స్టేడియంలో ఇంగ్లండ్‌పై ఆడిన ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్ తర్వాత, ఇంగ్లండ్ ఆటగాడు స్టీవ్ హాడ్జ్ ఆయనతో చొక్కా మార్చుకున్నారు. 2022లో దాన్ని సదబీస్ సంస్థ వేలానికి పెట్టినప్పుడు, అది గోల్స్ చేసిన రెండో సగంలోది కాదు, మొదటి సగంలో తొడిగినది అని మారడోనా కుమార్తె అభ్యంతరం చెప్పారు. చొక్కా మీద మారడోనా సంతకం ఉన్నా ఆ తగాదా తీరేది కాదు, ఎందుకంటే ఆయన రెండు చొక్కాల మీదా సంతకం చేసి ఉండవచ్చు. అర్జెంటీనా జట్టు ఆ నీలం చొక్కాలను మ్యాచ్‌కు కొద్ది రోజుల ముందే ఊళ్ళో దుకాణంలో కొని, బ్యాడ్జీలు కుట్టించి, వెండిరంగు అంకెలను ఇస్త్రీపెట్టెతో అతికించుకుంది. చేత్తో చేసిన పని కనుక ఏ రెండు చొక్కాలూ అచ్చంగా ఒకేలా ఉండవు. బ్యాడ్జీ, చారలు, అంకెలు ఎక్కడెక్కడ ఎలా ఉన్నాయో ఆనాటి ఫోటోలతో పోల్చి, అది రెండో సగంలోదేనని నిపుణులు తేల్చారు. సంతకం లేని ఆ చొక్కా 71 లక్షల పౌండ్లకు పైగా పలికింది. దాని మీద ఎవరైనా మార్కరుతో అడ్డంగా గీసి ఉంటే ఆ పోలిక ఎంత కష్టమయ్యేదో ఊహించుకోండి.

అయితే మీ గ్లవ్స్ పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం, నేను సంతకం వద్దనకపోవడానికి కారణం అదే. ఆనాటి రంజీ మ్యాచ్‌లకు టీవీ కెమెరాలు రావడం అరుదు. పత్రికల్లో ఫోటో పడినా, గ్లవ్ మీది కుట్లు పోల్చుకోగలిగేంత స్పష్టంగా ఉండదు. అమెరికాలో మేజర్ లీగ్ బేస్‌బాల్ 2001 నుంచి మైదానంలోనే మనుషులను నియమించి, వాడిన బంతికి, బ్యాటుకు అక్కడికక్కడే నంబరు గల హోలోగ్రాం స్టిక్కరు అంటిస్తోంది. మన దేశవాళీ క్రికెట్‌లో అలాంటి స్టిక్కరు నా చేతికి ఎన్నడూ రాలేదు. అందువల్ల మీ విషయంలో సాక్ష్యమంటే ఆ ఆటగాడి నోటి మాట, మీ మేనమామ గారి జ్ఞాపకం. ఆ రెండూ కాగితం మీదికి రావాలి. ఆయన ఎదుట కూర్చున్నప్పుడు, ఈ గ్లవ్స్ తనవేనని, ఫలానా జట్టుపై, ఫలానా సంవత్సరంలో వీటితో ఆడానని, ఫలానా వారికి ఇచ్చానని నాలుగు వాక్యాలు స్వదస్తూరీతో రాయమనండి. మ్యాచ్ స్కోరు కార్డు ముందే సంపాదించి తీసుకువెళితే జ్ఞాపకాలు వాటంతటవే కదులుతాయి. పెద్ద ఆటగాళ్ళు కూడా తాము ఔటైన తీరు మరిచిపోరు, ఎక్కువగా అంపైరు తప్పిదం వల్లనే ఔటయ్యామంటారు, అది కూడా రాయనివ్వండి. మేనమామ గారి చేత విడిగా మరో కాగితం రాయించి, గ్లవ్స్ పట్టుకున్న ఆటగాడి ఫోటో తీయండి.

అక్కడికి వెళ్ళేముందే ఇంట్లో, పగటి వెలుతురులో, రెండు గ్లవ్స్‌నూ అన్ని వైపుల నుంచి ఫోటోలు తీసిపెట్టుకోండి. ముఖ్యంగా అరచేతి తోలును దగ్గరగా తీయండి. చెమట తాగి అట్టలా బిగుసుకున్న తోలు, బ్యాటు పిడి తిరిగిన చోట నున్నగా అరిగిన మెరుపు, బొటనవేలి మొదట్లో విడిపోయిన కుట్టు, వేళ్ళ మీది బంతి మరకలు, ఇవే ఆ గ్లవ్స్ ఆడాయని చెప్పే గుర్తులు. దుమ్ము కనబడుతోందని తడిగుడ్డతో తుడవకండి. మీ ఇంట్లో ఎవరైనా పుణ్యం కట్టుకుందామని వాటిని సర్ఫ్‌లో నానబెట్టే ప్రమాదం ఉంటే ముందుగానే బీరువాకు తాళం వేయండి, నా జెర్సీ ఒకటి ఆ విధంగానే గడ్డి మరకలన్నీ పోయి తళతళలాడుతూ తిరిగి వచ్చింది.

సంతకానికి తగిన చోటు మణికట్టు దగ్గరి పట్టీ, అదీ ఒక్క గ్లవ్ మీదే. రెండోదాన్ని యథాతథంగా ఉంచండి. ఆ పట్టీ సాధారణంగా నున్నటి రెక్సిన్‌తో ఉంటుంది కనుక బాల్‌పాయింట్ పెన్ను జారుతుంది. సన్న మొనగల నల్ల పర్మనెంట్ మార్కరు మీరే తీసుకువెళ్ళి, దాన్ని ముందుగా ఏదైనా పాత రెక్సిన్ సంచి మీద పరీక్షించి చూడండి. లావు మార్కరు చేతికిస్తే ఎంత మొహమాటస్థుడైనా పెద్దగానే సంతకం చేస్తారు. వెండిరంగు, బంగారురంగు మార్కర్లు అందంగా కనిపించినా, నా దగ్గరున్న ఒక కీపింగ్ గ్లవ్ మీద ఆ సిరా రెండు వానాకాలాలకే పొలుసులుగా లేచిపోయింది. పట్టీ కింద గట్టి అట్ట ముక్క పెట్టి, వేలితో చోటు చూపించి, "ఇక్కడ చిన్నగా పెట్టండి సార్" అని అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు. సిరా కనీసం పావుగంట ఆరేవరకు పట్టీని మడవకండి, ఆరాక పలచటి నూలుగుడ్డలో చుట్టి ఎండ తగలని చోట పెట్టండి. వానాకాలంలో బూజు పట్టకుండా నెలకోసారి తీసి నీడలో గాలి తగలనివ్వండి.