'అకస్మాత్తుగా' అన్న మాట గురించి

అమ్మాయీ,

నీ కథ, దాంతోపాటు పంపిన ఉత్తరం రెండూ చదివాను. నిజం చెప్పాలంటే ఉత్తరమే బాగుంది. ఎందుకో చెబుతాను, కోపం తెచ్చుకోకు.

"నాన్న అకస్మాత్తుగా వెళ్లిపోయాడు" అని మొదలుపెట్టి, రెండో పేరాకే ఆయన ఫోటో ముందు ఏడుస్తూ కూర్చున్నావు. మధ్యలో ముప్పై గంటలున్నాయి కదా, అవేవి? సెప్సిస్‌తో, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి ఒళ్లంతా దెబ్బతీసే జబ్బుతో, మనిషిని పోగొట్టుకున్న ఇంట్లో అందరూ అనే మాట ఒకటే: "నిన్న బాగానే ఉన్నాడండీ." నీ కథంతా ఆ నిన్నలోనే ఉంది.

మా అన్నయ్య అలాగే పోయాడు. కాలి మీద చిన్న పుండు. సాయంత్రం చలి, వణుకు. మామూలు జ్వరమే అనుకుని దుప్పటి మీద దుప్పటి కప్పాం. తెల్లవారుజామున కళ్లు తెరిచి, "ట్రైన్ టైమ్ అయిందా?" అన్నాడు. ఏ ట్రైనూ లేదు. నిద్రమత్తులో ఏదో అంటున్నాడని నవ్వాను. మనిషి తికమకగా మాట్లాడటం కూడా ఆ జబ్బు లక్షణమేనని తర్వాత తెలిసింది. ఏడాది పోయాక దాన్ని కథగా రాశాను. అందులో నా నవ్వు తీసేసి వర్షం పెట్టాను. ఆ రాత్రి చుక్క వాన పడలేదు. ఆ కథ అచ్చయింది, మెచ్చుకున్నారు కూడా. ఇప్పటికీ నాకది చదవబుద్ధి కాదు.

"రక్తంలో విషం పాకింది" అని రాశావు. జనం అలాగే అంటారు కాబట్టి పాత్ర నోట ఉంటే ఉండనీ, నీ నోట మాత్రం వద్దు. ఇన్ఫెక్షన్ మీద ఒళ్లు చేసే పోరాటం అదుపు తప్పి, సొంత అవయవాల్నే దెబ్బతీయడం సెప్సిస్. ఊపిరి వేగం పెరుగుతుంది, బీపీ పడిపోతుంది, మూత్రం తగ్గుతుంది. జ్వరం ఉండి తీరాలనీ లేదు, కొందరికి ఒళ్లు చల్లబడుతుంది. ఇవన్నీ కథలో చెప్పమని కాదు. నీకు తెలిసుంటే, నాన్న ఆ సాయంత్రం మెట్ల మీద ఎందుకు ఆగిపోయాడో నీ వాక్యానికి తెలుస్తుంది.

డాక్టర్‌ని విలన్ చేశావు. తప్పు జరిగి ఉండొచ్చు, నేను కాదనను. కానీ ఒకటి ఆలోచించు. సెప్సిస్ ముదిరి, బీపీ బాగా పడిపోయి షాక్‌లోకి దిగిన మనిషికి గంటలోపే యాంటీబయాటిక్ పడాలంటారు. ఆ గంట ఎప్పుడు మొదలైందో ఇంట్లో ఎవరికీ తెలియదు. తర్వాత జీవితమంతా దాన్నే లెక్కపెట్టుకుంటారు. విలన్ దొరికితే ఆ లెక్క ఆగిపోతుంది, దాంతో నీ కథా ఆగిపోయింది.

చివర్లో పెట్టిన అంకెలు తీసెయ్. 2017లో ప్రపంచం మొత్తం మీద సుమారు 1.1 కోట్ల మంది సెప్సిస్ వల్ల పోయారు, ప్రతి ఐదు మరణాల్లో ఒకటి. ఆ అంచనా నేనూ చదివాను, వ్యాసానికి పనికొస్తుంది. నీ కథలో అప్పటికి అమ్మ ఐసీయూ బయట నాన్న కళ్లజోడు పట్టుకుని కూర్చుని ఉంది. ఆ పక్కన అంకెలకి చోటెక్కడ?

ఇక ఉత్తరం సంగతి. ఐసీయూ లోపలికి వెళ్లినప్పుడు నాన్న చేతులు చూసి అమ్మ, "వేళ్లకి ఇంకు అంటుకుందేంటే?" అని కొంగుతో తుడవబోయిందని రాశావు. రక్తం అందక వేళ్ల చివర్లు నల్లబడ్డాయని నర్సు చెప్పినా ఇంకోసారి తుడిచిందన్నావు. కథలో ఇది లేదు! ఇంత పెట్టుకుని ఫోటో ముందు ఏడుపెందుకు రాశావమ్మా?

మళ్లీ రాసే ముందు మీ తమ్ముడితో మాట్లాడు. ఆయాసం తొమ్మిదింటికే మొదలైందని నువ్వంటావు, పదకొండు దాటిందని వాడనొచ్చు. ఎవరిది కరెక్టో తేల్చకు, రెండూ రాయి. అమ్మని మాత్రం ఇప్పుడే ఏమీ అడగకు.