హెపాటికా పూలు బెంగళూరులో పూస్తాయా?

ప్రశ్న: మాది హిందూపురం దగ్గర పల్లె. పన్నెండేళ్లుగా బెంగళూరులో, యలహంక అవతల 10 గుంటల షేడ్‌నెట్‌లో కుండీ మొక్కలు పెంచి నర్సరీలకు వేస్తున్నాను. మా అమ్మాయి స్వీడన్‌లో ఉంటుంది. మంచు కరిగే రోజుల్లో ఎండుటాకుల మధ్య నుంచి లేచిన చిన్న నీలం పూల వీడియో పంపింది. పేరు హెపాటికా అంది. డిసెంబరులో వచ్చినప్పుడు కవరులో కొన్ని విత్తనాలు తెచ్చింది. కోకోపీట్ ట్రేలో వేసి మూడు నెలలైంది, ఒక్కటీ మొలవలేదు. ఆన్‌లైన్‌లో ఒకరు దుంప 900 రూపాయలకు ఇస్తామంటున్నారు. ఒక 50 తెప్పించనా? గదికి ఏసీ పెడితే పూస్తుందా? దీని ఆకు లివర్‌కు మంచిదని కూడా అంటున్నారు, నిజమేనా?

జవాబు: ముందు డబ్బు సంగతి. ఆ 50 దుంపలు తెప్పించకండి. 45,000 రూపాయలు పెట్టి కొన్న మొక్కలు మన వేసవి దాటవు. పైగా హెపాటికాకు లిల్లీ గడ్డలాంటి దుంపే ఉండదు. నేలను ఆనుకుని పొట్టి మొదలు, దాని కింద గుత్తుగా సన్నని వేళ్లు, అంతే. దుంపలని చెప్పి అమ్మేవాళ్ల దగ్గర ఏమొస్తుందో చెప్పలేం.

మీకు ఆ పువ్వు మీద మనసు ఎందుకు పడిందో నాకు బాగా తెలుసు. చాలా ఏళ్ల కిందట శిక్షణ కోసం జర్మనీ వెళ్లినప్పుడు, మార్చి నెలాఖరులో ఒక సున్నపురాతి కొండ వాలు మీద బీచ్ అనే జాతి చెట్ల అడవిలో దాన్ని చూశాను. చెట్లకు ఒక్క ఆకు లేదు. నేలంతా గోధుమరంగు ఎండుటాకులే. వాటిని తోసుకుని జానెడు కూడా లేని కాడలు లేచి ఉన్నాయి, ఒక్కో కాడ చివర ఒక్క పువ్వు. ఎక్కువ నీలం, అక్కడక్కడ తెలుపు, ఒకటో రెండో గులాబీ రంగువి. ఇక్కడ మనం ఉగాది పచ్చడికి వేపపువ్వు దులుపుకునే రోజులవి. వాళ్లకూ ఉగాది వచ్చినట్టే అనిపించింది.

దగ్గరగా చూస్తే ఆ పువ్వులో మరో విశేషం ఉంది. మనం రేకులు అనుకునేవి రేకులు కావు, రంగు తేలిన రక్షక పత్రాలు. వాటి కింద రక్షక పత్రాల్లా కనిపించే మూడు పచ్చని ముక్కలేమో నిజానికి చిన్న ఆకులు. పువ్వులో తేనె ఉండదు, పుప్పొడి కోసమే తేనెటీగలు, ఈగలు వస్తాయి. సాయంత్రం అయినా, మబ్బు పట్టినా ముడుచుకుంటుంది. గింజకు కొవ్వున్న చిన్న బుడిపె ఒకటి అంటుకుని ఉంటుంది. దాని కోసం చీమలు గింజను మోసుకుపోయి, బుడిపె తిని గింజను వదిలేస్తాయి. విత్తనం చల్లే పని ఆ అడవిలో చీమలదే.

ఇక మీ షేడ్‌నెట్‌లో ఎందుకు పూయదో చెప్తాను. ఇప్పుడే తవ్విన ఉర్లగడ్డను నాటితే మొలక రాదని మీకు తెలుసు, దానికి కొన్నాళ్లు నిద్ర కావాలి. హెపాటికా పూమొగ్గకు కూడా అలాంటి నిద్రే కావాలి, అయితే అది చలిలో పోవాల్సిన నిద్ర. వచ్చే వసంతంలో విచ్చే మొగ్గ ముందు ఏడాదే మొక్క మొదలు దగ్గర తయారై ఉంటుంది. రెండు మూడు నెలలు 5 డిగ్రీలు, అంతకంటే తక్కువ చలి తగిలితేనే దానికి మెలకువ వస్తుంది. ఆ తర్వాత నేల కాస్త వెచ్చబడగానే కాడ సాగుతుంది. చెట్లు చిగురించి నీడ కమ్మేలోగా, నేల దాకా ఎండ దిగే ఆ కొద్ది వారాల్లోనే పూత పూర్తి కావాలి. చలి, ఆ తర్వాత వెలుగు, ఆ తర్వాత నీడ. ఈ వరస తప్పితే పూత తప్పుతుంది.

బెంగళూరు చల్లని ఊరని మనకు పేరు. సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది, నిజమే. కానీ ఈ ఊరి రికార్డుల్లో అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. మామూలుగా జనవరి రాత్రులు 15, 16 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి. మనకు అరుదైన ఆ ఒక్క రాత్రి చలి కూడా ఈ మొక్కకు చాలదు. ఇక ఏప్రిల్ సంగతి చెప్పనక్కర్లేదు, 2016లో 39.2 డిగ్రీలు తాకింది. పగటి వేడి ఒక్కటే కాదు, రాత్రులు వెచ్చగా ఉండటం దీనికి ఎక్కువ చేటు. పగలు ఆకు సంపాదించుకున్న ఆహారమంతా రాత్రి శ్వాసకే ఖర్చయిపోతుంది, మొక్క లోపలి నుంచి చిక్కిపోతుంది. షేడ్‌నెట్ ఎండను ఆపుతుంది కానీ రాత్రి వేడిని తీయలేదు.

ఏసీ అడిగారు. ఇళ్లలో పెట్టే ఏసీ సాధారణంగా 16 డిగ్రీల కంటే కిందికి దిగదు. మీకు కావలసింది ఏసీ కాదు, ఉర్లగడ్డలు దాచే కోల్డ్ స్టోరేజీ లాంటిది. అందులో నుంచి తీశాక మళ్లీ నెలల తరబడి చల్లని వెలుతురు గది కావాలి. అంత ఖర్చు పెట్టి పూయించిన కుండీని ఏ నర్సరీ మీ దగ్గర గిట్టుబాటు ధరకు కొంటుంది?

విత్తనాల విషయంలో మీ పోషణ లోపం ఏమీ లేదు. ఈ గింజ పచ్చగా ఉండగానే, వేసవి మొదట్లో, కాయ నుంచి రాలుతుంది. అప్పటికి లోపలి పిండం ఇంకా పూర్తిగా ఎదగదు. రాలిన వెంటనే తడి నేలలో పడాలి, కొన్ని నెలలు అక్కడే ఎదిగి, చలికాలం గడిపి, మరుసటి వసంతంలో మొలుస్తుంది. మొదటి ఏడాది రెండు బీజదళాలే కనిపిస్తాయి. పువ్వు చూడాలంటే ఇంకో మూడు నాలుగేళ్లు పట్టవచ్చు. కవరులో ఎండి డిసెంబరుకు మీ దగ్గరికి చేరిన గింజలో ప్రాణం మిగిలి ఉండే అవకాశం చాలా తక్కువ. ఏడాది పొడవునా పొడి ప్యాకెట్లలో అమ్మే హెపాటికా విత్తనాలకూ ఇదే జరుగుతుంది.

ఇంకో మాట, ఇది కొంచెం గట్టిగానే చెప్పాలి. విదేశాల నుంచి విత్తనం గానీ మొక్క గానీ తేవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి పర్మిట్, అక్కడి అధికారులు ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. మీ అమ్మాయి ప్రేమతో తెచ్చింది, అర్థమవుతుంది. కానీ గింజతో పాటు కంటికి కనపడని తెగులు వస్తే నష్టపోయేది మీ 10 గుంటలు, మీ పక్క రైతులు. ఆ ట్రేలోని కోకోపీట్‌ను ఎరువుగుంతలో వేయకండి. మరిగే నీళ్లు పోసి, చల్లారాక కవరులో మూటకట్టి పారేయండి. ట్రేను బ్లీచింగ్ నీళ్లతో కడగండి.

లివర్ మాట పేరులోనే ఉంది. మూడు తమ్మెల ఆకు, శీతాకాలంలో ఊదాగోధుమ రంగుకు తిరిగినప్పుడు, కాలేయంలా కనిపిస్తుందని గ్రీకు మాట నుంచి ఆ పేరు పెట్టారు. జర్మన్‌లోనూ లివర్ పువ్వు అనే అంటారు. ఏ అవయవంలా ఉంటే ఆ అవయవానికి మందు అని ఒకప్పుడు యూరప్‌లో నమ్మేవాళ్లు. ఆ నమ్మకమే ఇప్పుడు మీ దాకా వచ్చింది. పచ్చి ఆకు రసంలో చర్మాన్ని, నోటిని మండించే ప్రోటోఅనిమోనిన్ అనే రసాయనం ఉంటుంది. దయచేసి ఎవరూ తినకండి, కషాయం పెట్టకండి. ఇంట్లో ఎవరికైనా కాలేయం ఇబ్బంది ఉంటే డాక్టరుకు చూపించండి.

మరి మీ నీడలో ఏం వేయాలి? నిద్రపోయి లేచే పువ్వే కావాలి, నీలిరంగే కావాలి అంటే నేను అకిమెనిస్ వేయమంటాను. హెపాటికా చలి తర్వాత లేస్తే, ఇది చలికాలమంతా పొడి కుండీలో పడుకుని మన మామిడి జల్లులతో లేస్తుంది. దీని వేరుదుంపలు చిన్న చిన్న పొలుసుల ముక్కల్లా ఉంటాయి. మార్చి చివర్లో ఆరంగుళాల కుండీకి ఐదారు చొప్పున, ఒకటి రెండు సెంటీమీటర్ల లోతులో అడ్డంగా పడుకోబెట్టండి. ఆకుల ఎరువు, కోకోపీట్, ఇసుక కలిపిన మిశ్రమం చాలు. మొలక వచ్చాక మాత్రం తడి ఆరనివ్వకండి. ఒక్కసారి బాగా ఎండితే ఇక చాలనుకుని మళ్లీ పడుకుంటుంది. 50 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ కింద వానాకాలమంతా ఊదా, నీలం పూలు వస్తాయి. వేలాడే కుండీలకు మరీ బాగుంటుంది. పూత అయిపోయి ఆకులు పసుపు తిరగగానే నీళ్లు మానేయండి. ఒక్కో కుండీలో మీరు పెట్టినదానికి కొన్ని రెట్లు వేరుదుంపలు దొరుకుతాయి, కాబట్టి మొదటి ఏడాది 20 కుండీలతో మొదలుపెడితే సరిపోతుంది.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా చిన్న పూలకు వయోలా నారు సెప్టెంబరు, అక్టోబరులో పోసుకోవచ్చు. వయోలాకు మాత్రం ఉదయపు ఎండ తగలాలి.

హెపాటికాను కళ్లారా చూడాలనే కోరిక వదులుకోకండి. ఆ జాతి మొక్క ఒకటి కశ్మీర్ వైపు కొండల్లోనూ ఉంది. దక్షిణాదిలో అయితే దాని దగ్గర బంధువైన ఒక అనిమోన్, తెల్లని పూలది, నీలగిరుల ఎత్తైన చోట్ల పెరుగుతుంది. జపాన్‌లో మంచును చీల్చుకు వచ్చే మొక్క అన్న అర్థంతో హెపాటికాను పిలుచుకుంటారు, అక్కడి నీగాత ప్రాంతానికి అది గుర్తింపు మొక్క. అన్నిటికంటే మీకు సులువు మీ అమ్మాయి దగ్గరికి వెళ్లడమే. మార్చి చివరి నుంచి ఏప్రిల్ నెలాఖరు లోపు టికెట్ చూసుకోండి. మబ్బు లేని రోజు, పొద్దెక్కాక అడవికి వెళ్లండి, పొద్దున్నే వెళితే ముడుచుకునే ఉంటాయి. అక్కడ అది చట్ట రక్షణ ఉన్న మొక్క, తవ్వకూడదు. మోకాళ్ల మీద కూర్చుని కాడ మీది తెల్లని నూగును చూడండి. మొక్క కింద నేలకు వాలి ఉన్న దాని పాత ఆకులను పక్కకు తోయకండి, పోయిన ఏడాది నుంచి ఆ మొక్కను పోషిస్తున్నవి అవే.