ముఖం స్టిక్కర్ అంటించినట్టు కనిపిస్తోందా? షేడింగ్ తగ్గించండి

సినిమా పోస్టర్ చూసి వేసిన పాప్ ఆర్ట్ బొమ్మలో ముఖం బాగానే కుదిరిందనీ, కానీ వెనకున్న పసుపు, గులాబీ రంగుల మీద ఎవరో స్టిక్కర్ అంటించినట్టు ఉందనీ రాశారు కదా, తప్పు డ్రాయింగ్‌ది కాదండి. ముఖానికేమో మెత్తటి షేడింగ్ ఇచ్చారు, వెనకేమో చదునుగా ఒకే రంగు పూశారు, అంటే ఒకే కాన్వాస్ మీద రెండు భాషలు.

మీరు చూసి వేస్తున్న పోస్టర్ ఫోటోని ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ చేసి కాంట్రాస్ట్ బాగా పెంచండి, వెలుగు, మధ్యస్థం, నీడ అని మూడే మిగలాలి. వాటిని కలపకుండా గట్టి అంచులతో వేయండి. అమెరికన్ పాప్ ఆర్ట్ చిత్రకారుడు ఆండీ వార్‌హోల్ 1962లో వేసిన నటి మార్లిన్ మన్రో ముఖాలు చూడండి, 1953 నాటి సినిమా ప్రచార ఫోటోనే, సిల్క్‌స్క్రీన్‌లో (జల్లెడలాంటి బట్ట గుండా రంగు అద్దే పద్ధతి) సగం వివరాలు ఎగిరిపోయాయి, అయినా ఎవరో ఇట్టే తెలుస్తుంది!

ఇంకొకటి, నీడకి నలుపు వద్దు. వెనకున్న గులాబీనే కాస్త ముదురు చేసి గడ్డం కింద, మెడ మీద వాడితే మనిషి ఆ రంగులోనే నిలబడినట్టుంటుంది. నాకైతే ఎక్కువసార్లు పనిచేసింది ఇదే.

ఇక పసుపు రంగు చారలుగా రావడం మామూలే, చాలా పసుపులు పారదర్శకంగా ఉంటాయి. కింద తెల్లరంగు వేసి, ఆరాక పల్చగా రెండు మూడు పూతలు వేయండి.

పాప్ ఆర్ట్‌లో కనిపించే ఆ వరస చుక్కలు పెట్టాలనుకుంటే మాత్రం చివర్లో, స్టెన్సిల్‌తో (చిల్లులు కోసిన అట్ట), ఒక్కచోటే. కామిక్ బొమ్మల్ని చుక్కలతో వేసిన చిత్రకారుడు లిక్టెన్‌స్టైన్‌ని చూసి ముఖమంతా పెట్టేయకండి బాబూ.