అడ్డగాలిలో దిగని విమానం, ఆపేసిన యాంటీవైరస్

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లు లెక్కలు చూసే కంప్యూటర్‌లోనే రాత్రిపూట ఫ్లైట్ సిమ్యులేటర్ నడుపుతాను. డబ్బిచ్చి కొనాల్సిన రెండు ఇంజిన్ల టర్బోప్రాప్ (టర్బైన్ ఇంజిన్‌తో ప్రొపెల్లర్ తిరిగే) బిజినెస్ విమానం ఒకచోట ఉచితంగా దొరికితే, అక్కడ చెప్పినట్టే యాంటీవైరస్ ఆపి ఇన్‌స్టాల్ చేశాను. పక్కగాలి ఉంటే అది ప్రతిసారీ రన్‌వే దాటి మట్టిలోకి పోతోంది. జాయ్‌స్టిక్ మార్చాలా?

జవాబు: మార్చనక్కరలేదు. ఇదే ఫిర్యాదు తరచూ వస్తోంది, ముందుగా చూడవలసింది సెట్టింగుల్లోని 'ఆటో రడ్డర్' సహాయాన్ని, అంటే ముక్కును పక్కకు తిప్పే తోక పలకను (రడ్డర్) మన బదులు తానే తిప్పే ఏర్పాటును. ఉదాహరణకు శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి కనుక, పడమటి ముఖంగా దిగేటప్పుడు నైరుతి నుంచి 20 నాట్ల గాలి (వరి నాట్లు కావు, ఒక్కొక్కటి గంటకు 1.852 కిలోమీటర్ల వేగం) వీస్తే, అందులో దాదాపు 14 నాట్లు ఎడమ పక్కనుంచి నెడుతుంది. అప్పుడు నేలను తాకే ముందు ఎడమ రెక్కను కొద్దిగా దించి, కుడి రడ్డర్‌తో ముక్కును మధ్యగీతకు సరిచేయాలి. ఎలెరాన్ (రెక్కను వంచే, రెక్క అంచు పలక) ఒకవైపు, రడ్డర్ మరొకవైపు ఉండవలసిన ఈ క్షణంలో ఆటో రడ్డర్ రెండింటినీ ఒకేవైపు తిప్పుతుంది. మనం ఒకసారి ఆపిన సహాయాన్ని అప్‌డేట్ వచ్చినప్పుడు చెప్పాపెట్టకుండా మళ్లీ తగిలించే పద్ధతిని ఎవరు కనిపెట్టారో గాని, వారు ఎన్నడూ అడ్డగాలిలో విమానం దింపి ఉండరు.

టర్బోప్రాప్‌లో ఇంకొకటి ఉంది. పవర్ లీవర్లను ఒక్కసారిగా వెనక్కి లాగితే ప్రొపెల్లర్ బ్లేడ్లు చదునై గాలికి అడ్డుపడతాయి, విమానం దబ్బున కూలబడుతుంది. దిగాక రెండు ఇంజిన్ల రివర్స్ (వెనక్కి నెట్టే బలం) సమానంగా అందకపోతే ముక్కు పక్కకు తిరుగుతుంది, దాన్ని రడ్డర్‌తో సరిచేయండి; గాలి రెక్కను లేపకుండా వేగం తగ్గేదాకా ఎలెరాన్‌ను గాలివైపే పట్టి ఉంచండి.

నన్ను కలవరపెడుతున్నది మాత్రం మీ ల్యాండింగ్ కాదు. సిమ్యులేటర్‌లో చేర్చే విమానం చాలావరకు ఒక ఫోల్డర్‌ను కాపీ చేస్తే సరిపోయే సరుకు. దానికి యాంటీవైరస్ ఆపవలసిన అవసరం ఏముంటుంది? ఇలా దొంగచాటుగా పంచే ఇన్‌స్టాలర్లలో బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లనూ, లాగిన్ కుకీలనూ (మనం లాగిన్ అయి ఉన్నామని సైటుకు చెప్పే చిన్న ఫైళ్లు) ఎత్తుకుపోయే మాల్‌వేర్‌ను కలపడం పాత ఎత్తుగడే. కుకీ చేతికి చిక్కితే చాలా సైట్లలో ఓటీపీ అడగకుండానే మీ ఖాతాలోకి ప్రవేశించవచ్చు. మిల్లు నెట్ బ్యాంకింగ్, జీఎస్టీ లాగిన్ ఉన్న యంత్రంలో ఈ ప్రయోగం చేయడం, గోదాము తాళంచెవిని దారిన పోయేవారికి ఇచ్చి రావడంతో సమానం.

ఇప్పుడే ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తీసేయండి. పాస్‌వర్డ్‌లన్నీ వేరే పరికరం నుంచి మార్చి, అన్ని ఖాతాల్లోనూ 'అన్ని పరికరాల నుంచి లాగౌట్' నొక్కండి. లెక్కల ఫైళ్లను మాత్రమే బయటకు తీసుకుని, ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొత్తంగా తిరిగి ఎక్కించండి. ఖాతాలో డబ్బు తగ్గినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సిమ్యులేటర్‌ను వేరే కంప్యూటర్‌లో పెట్టుకున్న తరువాతే ఆటో రడ్డర్ సంగతి చూడవచ్చు.